బేస్‌బాల్‌లో జీతాల పద్దు పెద్దదైతే గెలుపు దక్కుతుందా?

డల్లాస్ శివార్లు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో మధ్యాహ్న భోజనాల దగ్గర మొదలైన వాదన వారం రోజులైనా తెగకపోవడంతో ఇక్కడికి తీసుకొచ్చాను. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పోటీ అనేది మిగల్లేదనీ, ఎవరి జీతాల పద్దు పెద్దదైతే వారిదే వరల్డ్ సిరీస్ (ఏటా ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్) అనీ, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2024లోనూ 2025లోనూ వరుసగా గెలవడమే ఇందుకు రుజువనీ నా సహోద్యోగి అంటున్నారు. న్యూయార్క్ యాంకీస్ 1998 నుంచి 2000 దాకా మూడుసార్లు వరుసగా గెలిచిన తర్వాత మళ్లీ డాడ్జర్స్ దాకా ఏ జట్టూ తన టైటిల్‌ను మరుసటి ఏడాది నిలబెట్టుకోలేదు కాబట్టి, ఆయన మాటను కొట్టిపారేయడం నాకు చేతకాలేదు.

పైగా నేను టెక్సాస్ రేంజర్స్ అభిమానిని. 2021లో 102 మ్యాచ్‌లు ఓడిన మా జట్టు, ఆ చలికాలంలోనే కోరీ సీగర్‌కు పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కు ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లు రాసిచ్చి, రెండేళ్లు తిరిగేసరికి 2023లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు కూడా సీగరే. ఇదంతా కళ్లెదుట చూశాక డబ్బుతో పని కాదని నేను ఏ నోటితో అనగలను?

అయినా ఒక అనుమానం పీడిస్తూనే ఉంది. మరుసటి ఏడాది దాదాపు అదే జట్టు 78 మ్యాచ్‌లు గెలిచి 84 ఓడింది. 2023లో గెలిపించిన డబ్బు 2024లో ఎక్కడికి పోయినట్టు? ముప్పై జట్ల జీతాలనూ గెలుపులనూ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారు చేస్తున్నాను. అందులో ఏం వెతకాలో, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉందో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తొమ్మిదో ఇన్నింగ్స్

శివార్లు గారూ, మీ ప్రశ్నకు జవాబు న్యూజెర్సీలో మా ఇంటి అల్మరాలో వేలాడుతోంది. వీపు మీద షెర్జర్ పేరున్న 2023 నాటి న్యూయార్క్ మెట్స్ జెర్సీ అది. కొన్నది మార్చిలో, దానికి కాలం చెల్లింది జులై నెలాఖరులో.

స్టీవ్ కోహెన్ 2020లో మెట్స్‌ను కొన్న తర్వాత డబ్బు విషయంలో చేయి బిగబట్టింది లేదు. పిచర్లు (బంతి వేసేవారు) మాక్స్ షెర్జర్, జస్టిన్ వెర్లాండర్ ఒక్కొక్కరికీ ఏడాదికి 4.3 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు. ఆ సీజన్ మొదలయ్యే నాటికి మొదటివాడికి 38 ఏళ్లు, రెండోవాడికి 40. ఆట చివర్లో వచ్చి ముగించే పిచర్ ఎడ్విన్ డియాజ్‌తో అయిదేళ్లకు 10.2 కోట్ల ఒప్పందం చేసుకుంటే, అతను మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ప్యూర్టో రికో గెలిచిన సంబరంలో సహచరులతో కలిసి గెంతుతూ మోకాలి స్నాయువు తెంచుకుని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆటలో కూడా కాదు, సంబరంలో! అప్పటికి ఆట చరిత్రలోనే అతి పెద్ద జీతాల పద్దు మాది. నిర్ణీత హద్దు దాటినందుకు కట్టిన లగ్జరీ ట్యాక్స్ ఒక్కటే 10 కోట్ల డాలర్లు. ఫలితం 75 గెలుపులు, 87 ఓటములు.

ఇక రేంజర్స్ అభిమానిగా మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. జులైలో షెర్జర్‌ను మీకు పంపినప్పుడు, అతనికి రావలసిన మిగిలిన జీతంలో పెద్ద వాటాను మా యజమానే భరించారు. అతను వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌ను మీ తరఫున ప్రారంభించి, మొత్తం తొమ్మిదింటిలో మూడు ఇన్నింగ్స్ వేసి, వెన్ను పట్టేయడంతో వెనుదిరిగాడు. అంటే మీ విజయం ఖర్చులో కొంత మా పద్దులో రాసి ఉంది. మీ పట్టికలో దాన్ని ఏ గడిలో వేస్తారో చూడాలని ఉంది.

లెక్కల మాస్టారు

మీ సహోద్యోగి రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూటగా కట్టారు. వాటిని విడదీయకపోతే ఈ వాదన ఇంకో వారం నడుస్తుంది. మొదటి ప్రశ్న, 162 మ్యాచ్‌ల సీజన్‌లో ఎక్కువ ఖర్చుపెట్టిన జట్టు ఎక్కువ గెలుస్తుందా అన్నది. రెండోది, అక్టోబరులో జరిగే ప్లేఆఫ్స్‌లో ఆ జట్టే చివరిదాకా నిలుస్తుందా అన్నది. మొదటిదానికి నా జవాబు, గెలుస్తుంది, కానీ మనం అనుకున్నంత కచ్చితంగా కాదు. రెండోదానికి జవాబు చెప్పాలంటే ఈ ఆట స్వభావాన్ని కాస్త తూకం వేయాలి.

బేస్‌బాల్‌లో వంద మ్యాచ్‌లు గెలిచిన జట్టును మహా జట్టు అంటాం. అంటే అది వందకు 62 మాత్రమే గెలిచినట్టు లెక్క. అట్టడుగు జట్టు కూడా సాధారణంగా వందకు 30, 40 మధ్య గెలుస్తుంది. ఇప్పుడు ఒక జట్టు ఎదుటివారి మీద ప్రతి మ్యాచ్‌లోనూ వందకు 60 పాళ్లు గెలిచే సత్తా ఉన్నదనుకోండి. అయిదు మ్యాచ్‌ల సిరీస్‌ను అది గెలిచే అవకాశం వందకు 68, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌నైతే 71. మొదటి రౌండు ఆడనక్కర లేకుండా నేరుగా రెండో రౌండుకు వెళ్లిందనుకున్నా, ఒక అయిదు మ్యాచ్‌ల సిరీసూ రెండు ఏడు మ్యాచ్‌ల సిరీసులూ వరుసగా గెలిచే అవకాశం వందకు 34 పాళ్లే. నిజానికి ప్లేఆఫ్స్‌కు వచ్చే జట్లన్నీ మంచివే కాబట్టి 60కి బదులు 55 అనుకుంటే అది 22కు పడిపోతుంది. లీగ్ మొత్తంలో అందరికంటే మెరుగైన జట్టు కూడా అయిదేళ్లకు ఒకసారి గెలిస్తే గొప్ప అన్నమాట.

డాడ్జర్స్ చరిత్రే చూడండి. 2013 నుంచి 2025 దాకా ప్రతి ఏడాదీ ప్లేఆఫ్స్ ఆడారు. పదమూడేళ్లలో టైటిళ్లు మూడు. 2022లో 111 మ్యాచ్‌లు గెలిచి, తమకంటే ఎంతో వెనకబడిన పాడ్రెస్ చేతిలో తొలి సిరీస్‌లోనే ఇంటిదారి పట్టారు. 2023లో వంద గెలిచి, 84 మాత్రమే గెలిచిన అరిజోనా డైమండ్‌బ్యాక్స్ చేతిలో మూడుకు మూడూ ఓడారు. ఆ మొదటి మ్యాచ్‌లో క్లేటన్ కెర్షా ఒక్క వికెట్ మాత్రమే తీసి ఆరు పరుగులు ఇచ్చుకున్నాడు. వికెట్ అన్నందుకు మన్నించాలి, ఒక్క ఔట్ అనాలి. క్రికెట్ చూసి పెరిగినవాళ్లకు నాలుక అలా తిరిగిపోతుంది.

ఓక్లండ్ పాతకాపు

ఈ చర్చలో మా ఓక్లండ్ అథ్లెటిక్స్ పేరు ఇంకా రాకపోవడం ఆశ్చర్యమే. 2002లో మా జీతాల పద్దు సుమారు 4 కోట్ల డాలర్లు, యాంకీస్‌ది అందుకు మూడింతలు. ఇద్దరమూ 103 మ్యాచ్‌లే గెలిచాం. ఆ ఏడాది వరుసగా ఇరవై మ్యాచ్‌లు గెలిచాం. ఇరవయ్యోదాన్ని నేను స్టేడియంలోనే కూర్చుని చూశాను. కాన్సాస్ సిటీ రాయల్స్ మీద 11-0 ఆధిక్యం సంపాదించి, దాన్ని పరుగు పరుగుగా చేజార్చుకుని, 11-11 అయ్యాక స్కాట్ హాటెబర్గ్ కొట్టిన హోమ్ రన్‌తో బయటపడ్డాం. ఆ బంతి కుడివైపు కంచె దాటుతున్నప్పుడు పక్కసీటులో ఉన్న ముసలాయన చేతిలోని వేరుశనగ పొట్లం మొత్తం నా ఒళ్లో పడింది. ఇంటికి వెళ్లాక జేబుల్లోంచి పొట్టు దులుపుకున్నాను.

ఆ జట్టు గురించి తర్వాత పుస్తకమూ సినిమా వచ్చాయి. వాటివల్ల జనంలో ఒక అపోహ కూడా నాటుకుంది. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ ఎవరికీ అక్కర్లేని ఆటగాళ్లను గణాంకాలతో ఏరుకొచ్చి అద్భుతం చేశాడని కథగా చెప్పుకుంటారు. బేస్‌కు చేరే సామర్థ్యానికి మార్కెట్‌లో అప్పటికి సరైన ధర పలకడం లేదని ఆయన పసిగట్టిన మాట నిజమే. కానీ ఆ ఏడాది అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) అత్యుత్తమ ఆటగాడు మిగెల్ తెహాడా మావాడు. ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్న బారీ జీటో మావాడు. టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, ఎరిక్ చావెజ్ కూడా మేము పెంచుకున్నవారే. వీరంతా కుర్రవాళ్లు కాబట్టి తక్కువ జీతానికి ఆడుతున్నారు. అంతకు ముందు చలికాలంలోనే జేసన్ జియాంబీ ఏడేళ్లకు 12 కోట్లకు యాంకీస్‌కు వెళ్లిపోయాడు, 2003 తర్వాత తెహాడా వెళ్లాడు. తక్కువ డబ్బుతో గెలవడం సాధ్యమే. అలా గెలిచిన జట్టును కలిపి ఉంచుకోవడానికే డబ్బు కావాలి.

ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో తొలి సిరీస్‌లోనే మిన్నెసోటా ట్విన్స్ చేతిలో 3-2తో ఓడిపోయాం. మాస్టారి లెక్క ప్రకారం దాన్ని దురదృష్టమని సరిపెట్టుకోవచ్చునేమో కానీ, ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడలేదు.

కార్మిక పక్షం

పాతకాపు గారు అసలు కిటుకు చెప్పి, మళ్లీ దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగుతాను.

బేస్‌బాల్‌లో జీతం ఆటగాడి ప్రతిభను బట్టి ఉండదు, అతను లీగ్‌లో ఎన్నాళ్లుగా ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. మేజర్ లీగ్‌కు వచ్చిన మొదటి మూడేళ్లు సాధారణంగా జట్టు ఇచ్చినంతే పుచ్చుకోవాలి. 2025లో కనీస వేతనం 7.6 లక్షల డాలర్లు. ఆ తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే ఇద్దరూ చెరొక అంకె చెబితే మధ్యవర్తులు ఏదో ఒకటి ఖరారు చేస్తారు. ఆరేళ్ల సర్వీసు నిండిన తర్వాతే ఎవరితోనైనా బేరమాడుకునే స్వేచ్ఛ వస్తుంది. అప్పటికి చాలామందికి ముప్పై దగ్గరపడుతుంది. బేస్‌బాల్ ఆటగాడి ఉత్తమ దశ ఇరవై ఆరు, ఇరవై తొమ్మిదేళ్ల మధ్య గడిచిపోతుందని అందరికీ తెలుసు. కాబట్టి పెద్ద జీతం అన్నది చాలావరకు నిన్నటి ఆటకు రేపు ఇచ్చే బాకీ. మెట్స్ 2023లో నలభై ఏళ్ల పిచర్‌కు కట్టింది ఆ బాకీయే.

ఈ మాత్రం స్వేచ్ఛ కూడా ఊరికే రాలేదు. 1975 డిసెంబరు 23న పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇద్దరు పిచర్ల విషయంలో తీర్పు చెప్పేదాకా, ఆటగాడు జీవితాంతం జట్టు ఆస్తిగానే ఉండేవాడు. ఆ తీర్పు ఇచ్చినందుకు యజమానులు ఆయనను వెంటనే ఆ పదవి నుంచి తొలగించారు.

ఇప్పుడు శివార్లు గారి పట్టికకు వద్దాం. పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ పాల్ స్కీన్స్ 2025లో సై యంగ్ అవార్డు గెలుచుకున్నాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. అతని జీతం 8.75 లక్షల డాలర్లు. బజారులో అతని ధర అందుకు ముప్పై నలభై రెట్లు ఉంటుంది. 'పొదుపుగా గెలిచే జట్టు' అని మనం మెచ్చుకునే ప్రతి జట్టు వెనకా ఇలా బజారు ధర దక్కని కుర్రవాళ్లు పది పన్నెండు మంది ఉంటారు. ఆ పొదుపు యజమాని తెలివి కంటే ముందు నిబంధన ఇచ్చిన తగ్గింపు. జీతాల పద్దును జట్టు బలానికి కొలమానంగా వాడేముందు, అది చాలావరకు జట్టు వయస్సును కొలుస్తోందని గుర్తించాలి.

డల్లాస్ శివార్లు

కార్మిక పక్షం గారూ, మీ సందేశం చదివి పట్టిక తెరిచి, మళ్లీ మూసేశాను. స్కీన్స్ ఉండీ పైరేట్స్ ఆ ఏడాది 71 మ్యాచ్‌లే గెలిచారు, పిచర్‌గా స్కీన్స్ పేరున నమోదైంది పది గెలుపులు, పది ఓటములు. చవగ్గా దొరికిన రత్నం చుట్టూ నాలుగు రూపాయలు ఖర్చుపెట్టేవారు లేకపోతే అది కూడా పనికి రాదనుకోవాలా?

ఇంకొక చిక్కు. డాడ్జర్స్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీని ఏ అంకెతో రాయాలి? ఒప్పందం పదేళ్లకు 70 కోట్లు కాబట్టి ఏడాదికి 7 కోట్లు అనాలి. కానీ అందులో 68 కోట్లను 2034 నుంచి 2043 దాకా తీసుకుంటాడు కనుక ఇప్పుడు చేతికి అందేది ఏడాదికి 20 లక్షలే. లగ్జరీ ట్యాక్స్ లెక్కలోనేమో దాన్ని సుమారు 4.6 కోట్లుగా చూస్తారు. ఒకే మనిషికి మూడు జీతాలు. ఏది వేసినా మిగతా రెండూ నన్ను నిలదీస్తాయి.

లెక్కల మాస్టారు

ట్యాక్స్ అంకె వేయండి. కాలంతో పాటు డబ్బు విలువ తగ్గడాన్ని పరిగణించేది అదొక్కటే.

కారణకార్యాల విషయంలో కూడా జాగ్రత్త వహించండి. పెద్ద పద్దు ఉన్న జట్లు ఎక్కువ గెలుస్తున్నాయని పట్టికలో తేలినంత మాత్రాన పద్దు గెలిపించిందని కాదు. కుర్రవాళ్లతో గెలవడం మొదలుపెట్టిన జట్టులో మూడేళ్లకు ఆ కుర్రవాళ్లు ఆర్బిట్రేషన్‌కు వస్తారు, టికెట్లు అమ్ముడవుతాయి, యజమాని ధైర్యం చేసి మరొకరిని కొంటాడు. అక్కడ గెలుపు ముందు నడిచింది, జీతాలు వెనక వచ్చాయి. జులైలో గెలుస్తున్న జట్లు ఆటగాళ్లను కొంటాయి, ఓడుతున్నవి అమ్ముకుంటాయి కాబట్టి సీజన్ చివరి పద్దును తీసుకుంటే లంకె నిజంగా ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. సీజన్ తొలిరోజు పద్దునే తీసుకోండి. అడుగున ఉన్నవాళ్లలో కూడా తేడాలుంటాయి. 2024లో అథ్లెటిక్స్ అందరికంటే తక్కువ ఖర్చుతో 69 గెలిస్తే, వారికి దాదాపు రెట్టింపు ఖర్చుపెట్టిన షికాగో వైట్ సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడి ఆధునిక కాలపు రికార్డు నెలకొల్పారు.

విశాఖ వేకువ

నేను ఇటువైపు నుంచి చూసేవాణ్ని కాబట్టి నా మాట కాస్త పక్కదారి అనిపించవచ్చు. ఐపీఎల్‌లో 2025 సీజన్‌కు పది జట్లకూ ఒకటే సంచీ ఇచ్చారు, తలా 120 కోట్ల రూపాయలు. రిషభ్ పంత్‌ను 27 కోట్లకు కొన్న లక్నో ఏడో స్థానంలో నిలిచింది. సంచీ అందరిదీ ఒకటే అయినప్పుడు వాదన మొత్తం ఎంపిక మీదికి వెళుతుంది. బేస్‌బాల్‌లో జీతాలకు గట్టి పరిమితి లేదు, ట్యాక్స్ మాత్రమే ఉంది. డాడ్జర్స్ 2025కు కట్టవలసి వచ్చిన ట్యాక్స్ దాదాపు 16.9 కోట్ల డాలర్లు. చాలా జట్లు తమ ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చే జీతం అంత ఉండదు. ఇది ఎంపిక సామర్థ్యానికి సంబంధించిన తేడా అంటే నేను నమ్మను.

అయినా 2025 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ చూసిన ఉదయం నా నమ్మకం కొంచెం కదిలింది. మాకు నవంబరు 2, తెల్లవారుజామున అయిదున్నరకు మొదలైంది. (సాయంత్రం మన అమ్మాయిల ప్రపంచకప్ ఫైనల్ ఉంది కాబట్టి ఆ ఆదివారం ఇంట్లో ఎవరూ నన్ను ఏ పనికీ పిలవలేదు.) తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఒక పరుగు వెనకబడి ఉండగా, స్కోరు సమం చేసిన హోమ్ రన్ కొట్టింది ఒహ్తానీ కాదు, మూకీ బెట్స్ కాదు. బ్యాటింగ్ వరుసలో అట్టడుగున ఉన్న ముప్పై ఆరేళ్ల మిగెల్ రోహాస్ కొట్టాడు. అదే ఇన్నింగ్స్ రెండో సగంలో బేస్‌లన్నీ నిండి ఉండగా తడబడుతూనే బంతి అందుకుని, హోమ్ ప్లేట్ దగ్గరికి విసిరి ప్రత్యర్థి టొరంటో బ్లూ జేస్ గెలుపు పరుగును ఆపింది కూడా అతనే. ఇది ఏ పద్దులోనూ కనబడదు.

తొమ్మిదో ఇన్నింగ్స్

వేకువ గారూ, రోహాస్ హోమ్ రన్ బాగానే ఉంది. కానీ ఆ తర్వాత ఆటను పదకొండో ఇన్నింగ్స్ దాకా నిలబెట్టి ముగించింది ఎవరు? ముందురోజే 96 బంతులు వేసిన యోషినోబు యమమోతో. అతని ఒప్పందం పన్నెండేళ్లకు 32.5 కోట్లు. పద్దులో ఇది చక్కగానే కనబడుతుంది.

ఆటను నాణెం ఎగరవేతలా చూసే మాస్టారి లెక్క మీద నా అభ్యంతరం కూడా ఇక్కడే. ఆయన సూత్రంలో సీజన్‌లో ఉన్న బలమే అక్టోబరులోనూ ఉంటుంది. వాస్తవంలో అలా ఉండదు. ఆరు నెలల సీజన్‌లో అయిదుగురు స్టార్టర్లు (మ్యాచ్‌ను ప్రారంభించే పిచర్లు) వంతులవారీగా బంతి వేయాలి, గాయాలైతే ఆరోవాడూ ఏడోవాడూ కావాలి. అక్కడ లోతు ముఖ్యం, లోతును చవగ్గా కూడా తెచ్చుకోవచ్చు. అక్టోబరులో మధ్యలో విశ్రాంతి దినాలుంటాయి కాబట్టి నలుగురు చాలు. ఆ నలుగురూ అత్యుత్తములైతే డబ్బు పలచబడకుండా ఒకేచోట గడ్డకడుతుంది.

వరల్డ్ సిరీస్‌కు ముందు జరిగిన 2025 నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ చూడండి. మిల్వాకీ బ్రూవర్స్ చిన్న ఊరి జట్టు, చిన్న పద్దు, అయినా 97 గెలుపులతో లీగ్ మొత్తంలో మొదటి స్థానం. సీజన్‌లో డాడ్జర్స్‌తో ఆడిన ఆరు మ్యాచ్‌లూ వారే గెలిచారు. అక్టోబరులో అదే డాడ్జర్స్ మీద నాలుగు మ్యాచ్‌ల్లోనూ ఒక్కొక్క పరుగే చేసి నాలుగూ ఓడారు. మొదటి రోజు బ్లేక్ స్నెల్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒకే హిట్ ఇచ్చాడు. రెండో రోజు యమమోతో తొమ్మిదీ తానే వేశాడు. మూడో రోజు టైలర్ గ్లాస్నో. నాలుగో రోజు ఒహ్తానీ ఆరు ఇన్నింగ్స్‌లో పదిమందిని స్ట్రైకౌట్ చేసి, తన బ్యాటుతో మూడు హోమ్ రన్లు కొట్టాడు. ఈ నలుగురి ఒప్పందాల మొత్తం 130 కోట్ల డాలర్లు దాటుతుంది. దీన్ని నాణెం ఎగరవేత అనడానికి నాకు మనసొప్పదు.

లెక్కల మాస్టారు

అభ్యంతరంలో పస ఉంది, ఒప్పుకుంటున్నాను. నా సూత్రం ఆ నలుగురు పిచర్లను చూడలేదు. అయితే ఒక సిరీస్‌ను రుజువుగా తీసుకోలేం. మీరు చెప్పిన వాదన పూర్తిగా నిజమైతే, స్నెల్ టాంపా బే రేస్‌లో ఉన్నప్పుడు, 2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో, 73 బంతుల దగ్గరే అతన్ని తప్పించడం తప్పని కూడా ఒప్పుకోవాలి. అప్పటికి రేస్ 1-0తో ముందున్నారు. అతను వెళ్లగానే బెట్స్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు, మ్యాచ్ 3-1తో పోయింది, సిరీస్ పోయింది. చవకైన జట్టు సీజన్ అంతా తనను నిలబెట్టిన లెక్కనే నమ్ముకుని ఆ ఒక్క రాత్రి నష్టపోయింది.

ఓక్లండ్ పాతకాపు

బలహీన పద్దు గెలవలేదనడానికి రేస్‌ను చూపిస్తే, బలమైన పద్దు గెలిపించదనడానికి ఏంజెల్స్ ఉన్నారు. డాడ్జర్స్ పక్క ఊరే. ఆల్బర్ట్ పుహోల్స్‌కు పదేళ్లకు 24 కోట్లు, మైక్ ట్రౌట్‌కు పన్నెండేళ్లకు 42.65 కోట్లు, ఆంథనీ రెండోన్‌కు ఏడేళ్లకు 24.5 కోట్లు. ఒహ్తానీ ఆరేళ్లు వారితోనే ఉన్నాడు. ట్రౌట్ లాంటి ఆటగాడు తన తరంలో మరొకడు లేడంటారు. అతను ఇప్పటికి ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు మూడు. 2014లో మూడూ ఓడారు, ఆ తర్వాత అక్టోబరు ముఖం చూడలేదు. పెద్ద ఒప్పందాలు అయిదారు కలిపితే జట్టు కాదు. మిగతా ఇరవై మందిని తయారుచేసే మైనర్ లీగ్ వ్యవస్థ కావాలి. డాడ్జర్స్ ఆ రెండూ చేస్తున్నారు, అందుకే భయం. వారికి 2013లో ఇరవై అయిదేళ్లకు 835 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదిరింది. ఆ డబ్బు ఆటగాళ్ల జీతాల్లోకి ఎంత వెళ్లిందో, శిక్షకులూ విశ్లేషకులూ ఉండే విభాగాల్లోకి ఎంత వెళ్లిందో బయటివారికి కనబడదు. శివార్లు గారి పట్టికకు అందనిది ఈ రెండో ఖర్చే.

కార్మిక పక్షం

అలాగని జీతాలకు గరిష్ఠ పరిమితి పెడితే అన్నీ చక్కబడతాయని ఎవరైనా రాసేముందు ఒక్కమాట. ఆటగాళ్ల సంఘంతో ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది కాబట్టి ఆ కోరిక యజమానుల వైపు నుంచి గట్టిగానే వినబడుతోంది. 1994లో సమ్మె జరిగి వరల్డ్ సిరీస్ రద్దయింది ఈ ప్రశ్న మీదే. ఇప్పటికే ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతాన్ని ఉమ్మడి నిధిలో వేస్తోంది, దాన్ని ముప్పై జట్లూ సమానంగా పంచుకుంటున్నాయి. పంపకంలో వచ్చిన డబ్బును ఆటగాళ్ల మీద ఖర్చుచేయాలని పట్టుబట్టే కనిష్ఠ పరిమితి లేనప్పుడు, గరిష్ఠ పరిమితి ఒక్కటే పెట్టి ఎవరి జేబు నింపుతారు?

డల్లాస్ శివార్లు

అందరికీ కృతజ్ఞతలు. పట్టిక ఇలా మారుతోంది. సీజన్ తొలిరోజు పద్దును ట్యాక్స్ లెక్కలో తీసుకుంటాను. టైటిళ్ల నిలువు వరుసను పూర్తిగా తీసేసి 162 మ్యాచ్‌ల గెలుపులనూ, ప్లేఆఫ్స్‌కు చేరారా లేదా అన్నదాన్నీ ఉంచుతాను. ఆరేళ్ల సర్వీసు నిండనివారికి వెళ్లే జీతాన్ని వేరే నిలువు వరుసలో పెడతాను. అక్టోబరుకు మొదటి నలుగురు పిచర్ల జీతాలతో విడిగా ఇంకొక చిన్న పట్టిక వేస్తాను. షెర్జర్ జీతంలో మెట్స్ కట్టిన వాటాను మెట్స్ గడిలోనే ఉంచుతున్నాను, తొమ్మిదో ఇన్నింగ్స్ గారికి ఆ మాత్రం న్యాయం చేయాలి. సహోద్యోగికి సోమవారం చూపిస్తాను. ఇంకేమైనా మరిచిపోయానా?

తొమ్మిదో ఇన్నింగ్స్

మరిచిపోయారు. బాబీ బొనీయా మెట్స్ తరఫున చివరిసారి ఆడింది 1999లో. అతనికి రావలసిన 59 లక్షల డాలర్లను అప్పుడే ఇచ్చి పంపేయకుండా, ఏటా ఎనిమిది శాతం వడ్డీతో వాయిదా వేసుకున్నందుకు, 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న మా జట్టు అతనికి 11.9 లక్షల డాలర్లు చెల్లిస్తూ వస్తోంది. 2025 జులైలో ఆ సొమ్ము అందుకునే నాటికి అతని వయసు 62. అదే ఏడాది సై యంగ్ గెలిచిన స్కీన్స్ జీతం 8.75 లక్షలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్క గడుల్లో వేసి సోమవారం మీ సహోద్యోగికి ముందుగా అదే చూపించండి.